జీడిపప్పు పాకం, నల్లబడ్డ వేళ్లు

పంచదార మానేశాక ఇంట్లో బెల్లంతో వేటపాలెం జీడిపప్పు పాకం పడుతున్నాను. బెల్లంలోనూ ఎక్కువ భాగం చక్కెరేనని తెలుసు. అయినా "అమ్మమ్మల నాటి తిండి" అని గొప్పగా చెప్పుకుంటుంటాను.

చిమ్మిలి విషయంలో ఆ మాట చెల్లుతుంది. మాడిన నువ్వులు హరప్పా తవ్వకాల్లోనే దొరికాయి. జీడిమామిడి అలా కాదు, 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చిన చెట్టు. 'జీడి' అన్న పేరు మాత్రం మనదే. బట్టలు ఉతికేవాళ్లు గుర్తులు పెట్టే నల్లజీడి గింజ పేరది. రెండింటి జీడీ తగిలితే ఒళ్లు పొక్కుతుంది. ఆ పోలికతోనే కొత్త చెట్టుకి పాత పేరు అంటుకుని ఉంటుంది.

వేటపాలెం అంటే పుస్తకాలవాళ్లకి 1918లో పుట్టిన సారస్వత నికేతనం. అక్కడి పాత పత్రికల్లో మన చరిత్ర చదువుకుంటాం. అదే ఊళ్లో ఇంకో చరిత్ర ఉంది. పిక్కలు కాల్చి, కొట్టి, పప్పు విరక్కుండా తీసే ఆడవాళ్లది. జీడి పనిలో చేతులకి బూడిదో ఆముదమో రాసుకున్నా వేళ్లు నల్లబడతాయి.

ఆరోగ్యకరమైన మిఠాయి అంటున్నప్పుడు నేను లెక్కేసింది నా ఒంట్లోకి వెళ్లే చక్కెరనే. ఆ వేళ్లు ఆ లెక్కలోకి రాలేదు.