గాలివాన దెబ్బ రాసుకున్న రాయి

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన ఉద్దానం మీద విరుచుకుపడింది. పలాస, మందస, వజ్రపుకొత్తూరు చుట్టూ కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కొండ మీది గూడేలకూ ఆ దెబ్బ తగిలింది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది మన కళింగానికి కొత్త కాదు. రెండు వేల ఏళ్ల నాటి రాతి మీద ఇలాంటి దెబ్బే రాసి ఉంది.

పలాసలో రైలెక్కి భువనేశ్వర్‌లో దిగితే ఊరి పక్కనే ఎదురెదురుగా రెండు కొండలు కనిపిస్తాయి. ఉదయగిరిలో 18, ఖండగిరిలో 15 గుహలు. జైన మునుల నివాసం కోసం తొలిచినవి. ఉదయగిరిలోని హాథీగుంఫా నుదుట బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో 17 పంక్తుల శాసనం ఉంది. అది కళింగ రాజు ఖారవేలుడిది. గద్దెనెక్కిన మొదటి ఏడే ఆయన ఏం చేశాడు? గాలివానకు దెబ్బతిన్న కళింగ నగర గోపురాలు, ప్రాకారాలు, ఇళ్లు బాగుచేయించాడు. చెరువులకు గట్లు కట్టించాడు. ఉద్యానాలన్నిటినీ మళ్లీ నిలబెట్టాడు. ఖర్చు 35 లక్షల నాణేలట! ఉద్దానం అనే మాట ఉద్యానం నుంచే వచ్చిందంటారు కదా, అందుకే ఆ పంక్తి దగ్గర నా మనసు ఆగిపోతుంది.

యుద్ధాలు, మగధ నుంచి తిరిగి తెచ్చిన జినుడి విగ్రహం, మునులకు తొలిపించిన గుహలు, అన్నీ ఆ తర్వాతి మాటలే.

శిల్పాలు చూడాలంటే రెండంతస్తుల రాణీగుంఫాకు వెళ్లాలి. ఏనుగులు, వేటకు వచ్చిన రాజు, రెక్కలున్న జింక, చెట్టెక్కిన స్త్రీ. ఆ వరుస చూస్తుంటే మన సవర ఇళ్ల ఎర్రమట్టి గోడల మీద బియ్యప్పిండి బొమ్మలు గుర్తొచ్చాయి. రెంటికీ చుట్టరికం ఉందని నేననను, గుర్తొచ్చాయంతే. గణేశగుంఫాలో వినాయకుడు తర్వాతి కాలం చేర్పు. ఖండగిరి నవముని గుహలో తీర్థంకరుల దగ్గరే వినాయకుడూ ఉన్నాడు. జైనుల గుహలో ఆయనకు చోటు దొరికింది, ఎవరూ చెక్కేయలేదు.

మంచపురి గుహ పై అంతస్తులో పట్టపురాణి శాసనం ఉంది. ఉలి పట్టినవాళ్ల పేర్లు హాథీగుంఫా పదిహేడు పంక్తుల్లోనూ లేవు, ఆ గాలివానలో ఇల్లు పోయినవాళ్ల పేర్లూ లేవు. తిత్లీలో ఏ గూడెంలో ఎవరి చెట్లు పడ్డాయో, వాటిని ఎవరు నాటారో ఇంకా మన పెద్దల నోట్లోనే ఉంది. ఈ సెలవుల్లో తాతనో అవ్వనో కూర్చోబెట్టి అడగండి. సవరలో చెబితే సవరలోనే రాసుకోండి.