అడ్మిన్ కంటే ముందు ఒక ‘కీపర్’

మీ ఫోన్‌లో ఎన్ని గ్రూపులున్నాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి. పిల్లల స్కూల్ వాళ్లది, అత్తగారి వైపుది, పుట్టింటి వైపుది, షిఫ్టులు మార్చుకునే నర్సులది, ఎప్పుడో సంక్రాంతి పార్టీకి మొదలుపెట్టి మూయడం మరిచిపోయినది... గ్రూప్ పెట్టడానికి ఒక్క నిమిషం చాలు కాబట్టి ఇదంతా నిన్నమొన్న వచ్చిన విషయం అనిపిస్తుంది. కానీ ఒక్కరు రాసింది పదిమందికీ ఒకేసారి చేరే ఈ ఏర్పాటుకి యాభై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో ఆడవాళ్లు పెట్టుకుని, ఆడవాళ్లే నడుపుకున్న ఒక గ్రూపు కథ ఉంది. అది మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

1975లో అమెరికాలో ఆర్పానెట్ అనే కంప్యూటర్ నెట్‌వర్క్ మీద ‘మెసేజ్ గ్రూప్’ అనే మెయిల్ లిస్టు మొదలైంది. ఈమెయిల్ ఎలా ఉండాలి అనే విషయాన్ని ఈమెయిల్‌లోనే చర్చించుకునేవారు. అప్పట్లో ఏదీ దానంతట అది జరిగేది కాదు. ఐనార్ స్టెఫరుడ్ అనే ఆయన వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ తానే అందరికీ పంపేవారు. 1986లో పారిస్‌లో చదువుకుంటున్న ఎరిక్ థామస్ అనే కుర్రాడు ‘లిస్ట్‌సర్వ్’ అనే ప్రోగ్రామ్ రాశాడు. చేరాలనుకున్నవాళ్లు దానికి ఒక మెయిల్ పంపితే చాలు, పేరు అదే రాసుకునేది. మానేస్తామంటే అదే తీసేసేది. చేతిపని తప్పింది. కానీ ఎవరిని రానివ్వాలి, ఏం మాట్లాడుకోవాలి, గొడవ వస్తే ఎవరు సర్దాలి? ఇవి ప్రోగ్రామ్ చేసే పనులు కావు కదా.

ఆ మరుసటి ఏడాదే, అంటే 1987లో, అనితా బోర్గ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక సాంకేతిక సదస్సుకి వెళ్లారు. హాలు నిండా మగవాళ్లే. ఉన్న గుప్పెడు మంది ఆడవాళ్లు లేడీస్ రెస్ట్‌రూమ్‌లో కలిసి మాట్లాడుకున్నారు. మన ఊళ్లో నూతి దగ్గరో కుళాయి దగ్గరో మాటలు కలిసినట్టే అనుకోండి. ఆ తర్వాత కలిసి భోంచేశారు, ఈమెయిల్ అడ్రసులు తీసుకున్నారు. అలా పుట్టిన లిస్టు పేరు ‘సిస్టర్స్’. కంప్యూటర్ సిస్టమ్స్ పని చేసే అక్కచెల్లెళ్లు అని రెండర్థాలూ వచ్చేలా పెట్టుకున్న పేరది.

ఆఫీసులో తానొక్కతే ఆడమనిషి అయిన ఇంజనీరుకి ఆ లిస్టు ఏమిటో పరాయి దేశంలో ఉన్న మనకి వేరే చెప్పక్కర్లేదు. పక్క సీట్లో అడగలేని మాట అక్కడ అడగొచ్చు. అయితే అలా అడగాలంటే ముందు ధైర్యం కావాలి, ఆ ధైర్యం నియమాల వల్ల వచ్చింది. కంప్యూటర్ రంగంలో ఉన్న ఆడవాళ్లకే ప్రవేశం. ఒకరు రాసినదాన్ని వాళ్ల అనుమతి లేకుండా బయటికి పంపకూడదు. ఆడవాళ్లకే ఎందుకు, ఇది వివక్ష కాదా అని ఆక్షేపణలు వచ్చినా, ఆ నియమం ఎందుకు అవసరమో బోర్గ్ ఓపిగ్గా రాసి వివరించారు.

లిస్టు నడిపేవాళ్లకి అక్కడ ‘కీపర్’ అని పేరు. అంటే కాపరి. ముందు బోర్గ్, ఆ తర్వాత మరికొందరు ఆ పని చేశారు. సభ్యులు వేలల్లోకి పెరిగాక ఉత్తరాలు ఎక్కువై విసుగొచ్చే ప్రమాదం వచ్చింది. దానికీ దారి వెతికారు. ఒక చర్చ మీకు పట్టకపోతే ఆ ఒక్క చర్చ నుంచి తప్పుకోవచ్చు, లిస్టు వదిలి వెళ్లక్కర్లేదు. ‘సారీ అండీ, మెసేజ్‌లు మరీ ఎక్కువైపోయాయి’ అని గ్రూపు లోంచి వెళ్లిపోయే మనవాళ్లకి ఈ సౌకర్యం ఎంత బాగుండేదో!

కబుర్లతోనే ఆగిపోలేదు వాళ్లు. 1992లో మాట్లాడే బార్బీ బొమ్మ ఒకటి మార్కెట్‌లోకి వచ్చింది. అది పలికే మాటల్లో లెక్కల క్లాసు కష్టం అనే మాట కూడా ఉంది. ఆడపిల్లలకి ఆ మాట నేర్పుతారా అని మహిళా సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ‘సిస్టర్స్’ సభ్యులూ గొంతు కలిపారు. కంపెనీ ఆ మాటని తీసేసింది. 1994లో బోర్గ్, టెల్లీ విట్నీ కలిసి కంప్యూటర్ రంగంలోని ఆడవాళ్ల కోసం గ్రేస్ హాపర్ పేరుతో పెద్ద సదస్సు మొదలుపెట్టారు. బోర్గ్ 2003లో కన్నుమూసినా ఆ సదస్సు ఆగలేదు.

ఇక మనవాళ్ల సంగతి. తెలుగు అక్షరాలు కంప్యూటర్‌లో తేలిగ్గా దొరకని 1990లలోనే అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకునేవారు. అలా రాయడానికి రైస్ యూనివర్సిటీలోని మన విద్యార్థులు తయారుచేసిన పద్ధతే ఆర్‌టీఎస్. తర్వాత యాహూ గ్రూప్స్ వచ్చింది. ‘రచ్చబండ’ అనే సాహిత్య చర్చల గ్రూపు కూడా అందులోనే నడిచింది. 2019 అక్టోబరులో, గ్రూపుల్లో దాచుకున్న పాత ఉత్తరాలు, ఫొటోలు, ఫైళ్లు తీసేస్తామని యాహూ ప్రకటించింది. 2020 డిసెంబరు 15న సర్వీసే మూసేసింది. ముందుగా ఎవరో ఒకరు పూనుకుని కాపీ తీసి పెట్టిన గ్రూపుల మాటలే మిగిలాయి.

ఇదంతా మనకెందుకు అంటారా? కొత్తగా వచ్చిన నర్సమ్మ లైసెన్స్ పరీక్ష గురించి అడిగేది గ్రూపులోనే. ఏజెంట్ పాస్‌పోర్ట్ ఇవ్వట్లేదనీ, ఇంట్లో మనిషి చెయ్యి చేసుకుంటున్నాడనీ ఒక చెల్లెలు మొదటిసారి నోరు విప్పేదీ అక్కడే. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ ఒక్కటి బయటికి పోతే ఆ అమ్మాయి మళ్లీ నోరెత్తదు. ఆమెని చూసి ఇంకో పదిమంది కూడా ఎత్తరు.

అందుకని మీ గ్రూపులో ఈ మూడూ ఉన్నాయేమో చూడండి. అడ్మిన్ ఒక్కరే కాకుండా ఇద్దరు ముగ్గురు ఉండాలి, ఒకరు నైట్ డ్యూటీలో ఉన్నా ఇంకొకరు చూసుకుంటారు. ఇక్కడి మాట అడగకుండా బయటికి పోకూడదు అని అందరికీ కనపడేలా పైన పిన్ చేసి పెట్టాలి. పరీక్షల వివరాలు, ఎంబసీ కాగితాల పద్ధతి, మంచి లాయర్ నంబర్ లాంటి పదిమందికీ పనికొచ్చేవి నెలకోసారి ఒకచోట రాసి, అందరికీ ఈమెయిల్‌లో పంపాలి. అడిగిన వాళ్ల పేర్లు మాత్రం అందులో వద్దు. ఫోన్ పోయినా, యాప్ మారినా ఆ కాగితం ఉంటుంది.

గ్రూప్ పెట్టడం ఒక్క నిమిషం పని. కాపలా కాయడమే ఏళ్ల తరబడి పని. మీ గ్రూపులో ఆ పని ఎవరు చేస్తున్నారో చూసి, ఈరోజు ఆమెకి ఒక థ్యాంక్స్ చెప్పండి. ఎవరూ చేయట్లేదంటే, మీరే మొదలుపెట్టండి.