సముద్రమిచ్చిన ఎఱుపు

బందరు రేవునుండి ఓడలకెక్కిన వస్త్రములలో మేల్కట్లకును పఱుపుదుప్పట్లకును చరిత్రకారులొసగిన గౌరవము రుమాలునకు దక్కలేదు. తలకు చుట్టుకొనుటకును, భుజమున వేసికొనుటకును, కానుక పళ్లెముపై కప్పుటకును పనికివచ్చు ఆ చిన్న గుడ్డ రాజాస్థానములలో ఎంత ఆదరము పొందినదో తెలియగోరువారు గోలకొండ సుల్తానుల కాలమున, 17వ శతాబ్దమున, కలముతో చిత్రింపబడి నేడు న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియమున భద్రముగా నున్న రుమాలును చూడవలెను. ఉద్యానవనములు, పానపాత్రలు ధరించిన స్త్రీపురుషులు, పక్షులు, వీనినడుమ ఎడము లేకుండ అల్లుకొన్న పూలతీగలు. వీనియన్నిటికిని ప్రాణము పోసినది దానియందలి ఎఱుపు.

ఆ ఎఱుపు చిరివేరునుండి పుట్టినది. కృష్ణ సముద్రమున గలియు ప్రాంతపు ఇసుకనేలలలో, ముఖ్యముగా నిజాంపట్టణపు చుట్టుపట్ల, సన్నని పొడుగాటి వేళ్లతో పెరిగిన ఈ చిఱుమొక్క తక్కిన సీమలలోనిదానికంటె మేలైనదని నాటి వర్తకులెల్లరు నెఱుగుదురు. 1618 మొదలు కొన్నియేండ్లు బందరులో ఆంగ్లేయ వర్తకుడుగా నుండిన విలియం మెత్‌వోల్డు గోలకొండ రాజ్యమును వర్ణించుచు, ఈ వేరును పేర్కొని, దీనితో వేసిన రంగు గుడ్డ చిరుగువఱకు వెలియకుండుటను మెచ్చుకొనెను. అంతటి శ్రేష్ఠత్వమునకు కారణము నేలలోనే యున్నది. యుగయుగములుగా అలలు ఒడ్డునకు చేర్చిన ఆలిచిప్పలును నత్తగుల్లలును నలిగి ఆ యిసుకలో సున్నమై కలిసిపోయినవి. పటికతో కూడిన వేరురంగునకు సున్నపుసారము తోడైననేగాని నిండైన ఎఱుపు తేలదు. నూలుగుడ్డను పేడనీట నానవేసి, ఎండలో ఆరవైచి, ఉదికి తెల్లచేసి, కరక్కాయపొడి కలిపిన పాలలో ముంచి, ఇనుపముక్కలును బెల్లమును పులియబెట్టి తీసిన నల్లనీటితో గీతలు దిద్ది, ఎఱ్ఱబాఱవలసిన తావుల పటికనీరు అద్ది, పాఱుకాలువలో జాడించి, కడపట వేరు వేసిన కాగులో మరగించినప్పుడు, అంతవఱకును కంటికి కానరాని పటికగుర్తులన్నియు ఒక్కసారిగా అరుణిమ దాల్చును. అద్దకపువాని నేర్పు ఎంత గొప్పదైనను, ఆ పనిలో సగము సముద్రుడు అతనికంటె ముందే చేసియుంచినాడని నా తలంపు.

ఒలందులు (డచ్చివారు) 1605లోను, ఆంగ్లేయులు 1611లోను, పరాసులు (ఫ్రెంచివారు) 1669లోను బందరు రేవును చేరిరి. పర్షియాకును తూర్పుదీవులకును బోవు అద్దకపు గుడ్డలకొఱకు వారు పడిన పోటీలు ప్రసిద్ధములు. చీరాలలో మఱియొక తెఱగు రుమాలు పుట్టినది. నూనెలోను బూడిదనీటిలోను పలుమాఱులు నానిన నూలును ముందే ముడులు కట్టి రంగులలో ముంచి నేసిన ఆ తేలియా రుమాలు ఎఱుపు, నలుపు, తెలుపు తప్ప వేఱు వన్నె నెఱుగక, అరబ్బుదేశములకు ఓడలమీద పోయి అచటివారి తలపాగా యయ్యెను. మన తీరమున దానిని జాలరులును పసులకాపరులును తలకు చుట్టుకొనిరి. ఎండలో ఆ నూనెనూలు తలకు చలువ యని వారి అనుభవము. రాజుగారి పళ్లెముపైని రుమాలుకంటె జాలరి తలపైని రుమాలే నాకు గౌరవాస్పదము.

మరమగ్గపు గుడ్డ మన వర్తకమును సగము మ్రింగినది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరుపై విఱుచుకుపడి సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకొన్నది. ఆ వెనుక కొద్దియేండ్లకే, 1868లో జర్మనుదేశపు రసాయనజ్ఞులు గ్రేబె, లీబెర్మనులు ఆ ఎఱుపురంగును బొగ్గుతారునుండి చేయు మార్గము కనుగొనగా, ఇసుకలో వేరు త్రవ్వువారి పని క్రమముగా అడుగంటెను. బందరు చేరువనున్న పెడనలో అద్దకము నేటికిని నిలిచియున్నది. టేకు అచ్చులు చెక్కువారును, కాలువలో గుడ్డ జాడించువారును ఉన్నారు. కాని కాగులోని ఎఱుపునకు సముద్రపుటొడ్డుతోడి చుట్టఱికము తెగిపోయినది.

ఇప్పుడు విదేశములలో చిత్రకారులు తిమింగిలములను, పగడపుదీవులను చదరపు తలగుడ్డలపై రచించి, అమ్మిన సొమ్ములో భాగమును సముద్రరక్షణకు ఒసగుచున్నారు. శ్లాఘనీయమైన పని. అయితే సముద్రమువలన ఎఱుపును పొంది, ఆ ఎఱుపును అమ్ముకొని బ్రదికిన ఈ తీరమునకు ఆ పని దానముకాదు, ఋణవిమోచనము. తీర్పవలసిన చోట్లును దూరమున లేవు. కృష్ణ ముఖద్వారమున సొర్లగొంది, నాచుగుంట ప్రాంతములలో 195 చదరపు కిలోమీటర్ల అభయారణ్యమందలి మడచెట్లు అలల తాకిడిని కాచుచున్నవి. శీతకాలము మొదలు వేసవివఱకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గ్రుడ్లుపెట్ట ఒడ్డునకు వచ్చుచు, దారిలో వలలలో చిక్కి ఊపిరాడక చచ్చుచున్నవి. కృత్తివెన్ను మండలమున చినగొల్లపాలెపు ఒడ్డును సముద్రము కోసివేయుచున్నది.

ఆ ఋణము తీర్చు రుమాలునకై పెడన అచ్చులపనివాడు తాబేలిచిప్పలోని గడులను, మడవేళ్ల అల్లికను టేకుపై చెక్కగలడు. పూలతీగను చెక్కిన చేయి వానికి జంకదు. కఠినమైన పని వేఱొకటి కలదు. అట్టి రుమాలు బొగ్గుతారు రంగుతో అద్దబడరాదు. కావున అచ్చులకంటె ముందు, కృత్తివెన్ను దిగువ చిప్పలు నలిగిన ఇసుకలో కొంత నేల ఏర్పఱచి, చిరివేరు విత్తనము చల్లి, వేరు ముదురుదాక ఓపిక పట్టి, త్రవ్వి, ఒక్క కాగెడు మరగించి చూడవలెను.