ధర్మపురిలో రిజిస్టరు పెండ్లి

ఉగాదినాడు పంచాంగ శ్రవణమై, ఆదాయవ్యయాలూ కందాయ ఫలాలూ విన్న తరువాత మన ఇండ్లలో పెద్దమ్మలు, అత్తమ్మలు అడిగే మొదటి ప్రశ్న, “ఈ ఏడు పెండ్లి ముహూర్తాలు ఎప్పుడున్నవి?” అని. ధర్మపురిలో కాపురముంటున్న మన కుటుంబాలలో దీని వెంబడే రెండవ ప్రశ్న ఒకటి వినవస్తున్నది. అబ్బాయి తెలుగు, అమ్మాయి తమిళం; లేదా కులాలు వేరు, మతాలు వేరు; మరి రిజిస్టరు పెండ్లి ఎట్లా చేయవలె? “దొంగపెండ్లి” అనే మాట పెద్దల నోట ఇంకా పోలేదు. ఈ పద్ధతి ఎట్లా పుట్టి మన ఊరిదాకా వచ్చినదో తెలిసినవారు ఆ మాట అనలేరు.

బ్రహ్మసమాజం వారు, ముఖ్యంగా కేశవచంద్రసేన్, కోరగా కోరగా 1872లో మూడవ ఆక్టు వచ్చినది. అగ్నిసాక్షి లేక, పురోహితుడు లేక, ప్రభుత్వాధికారి ఎదుట పెండ్లి చేసుకొనే వీలు మన దేశస్థులకు అట్లా కలిగినది. కాని ఆ వీలుకు చెల్లించవలసిన మూల్యం చిన్నది కాదు. వధూవరులు తాము హిందువులము కామని, క్రైస్తవులము కామని, మహమ్మదీయులము కామని, ఇట్లా వరుసగా మతాలన్నిటినీ కాదని వ్రాసి సంతకం చేయవలె. పెండ్లి కావలెనంటే దేవుణ్ణి గడప బయట నిలబెట్టి రమ్మన్నట్లు! తల్లిదండ్రులు ఏడ్చినారంటే అందుకు ఏడ్చినారు. హరిసింగ్ గౌర్ పట్టుదలవల్ల 1923లో సవరణ వచ్చి, హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు తమలో తాము ఈ చట్టం క్రింద పెండ్లాడినప్పుడు మతం వదలనక్కరలేదన్నారు. అందరికీ ఆ బంధం తెగినది 1954 నాటి స్పెషల్ మారేజి ఆక్టుతో. అది 1955 జనవరి 1 నుండి అమలులో ఉన్నది.

ఈ కథలో మన జిల్లాకూ వాటా ఉన్నది. హోసూరు ప్రక్కన తొరపల్లి రాజాజీ పుట్టిన ఊరు. 2004లో కృష్ణగిరి జిల్లా వేరుపడేవరకు అది ధర్మపురి జిల్లాలోనిదే. ఆయన కూతురు లక్ష్మి, గాంధీగారి కొడుకు దేవదాసు ఒకరినొకరు కోరుకున్నప్పుడు తండ్రు లిద్దరూ ఐదేండ్లు ఆగమన్నారు. పిల్లలు ఆగినారు. 1933 జూన్ 16న పూనాలో లక్ష్మణశాస్త్రి జోషి పౌరోహిత్యాన పెండ్లి జరిగినది. అది మంత్రాలతో జరిగిన పెండ్లే. ఐనా కులాలు వేరైన హిందువుల పెండ్లి చెల్లునా అనే సందేహం దేశమంతటా అప్పటికి తీరలేదు. ఆ సందేహాన్ని నిశ్శేషంగా తీర్చిన చట్టం వచ్చినది 1949లోనే.

పురోహితుడు లేని పెండ్లి మన తెలుగువారికీ కొత్త కాదు. త్రిపురనేని రామస్వామి చౌదరిగారు సంస్కృత మంత్రాల స్థానంలో తెలుగులో ‘వివాహవిధి’ వ్రాసి, తామే నిలబడి పెండ్లిండ్లు చేయించినారు. గోరాగారు తమ పెద్దకూతురు మనోరమను అర్జునరావుగారికిచ్చి 1948లో సేవాగ్రామంలో పెండ్లి చేసినారు. దానిని స్వయంగా జరిపిస్తానన్న గాంధీగారు అప్పటికి లేరు. జాషువ మహాకవి కూతురు హేమలత గోరాగారి కొడుకు లవణంగారి చేయి పట్టినది 1960లో.

తమిళనాట ఈ ఉద్యమం ఇంకా విస్తారంగా సాగినది. 1928 నుండి స్వయంమర్యాద వివాహాలు వేలాదిగా జరిగినవి. చట్టం మాత్రం వాటిని పెండ్లిండ్లుగా ఎంచలేదు. 1953లో మదరాసు హైకోర్టు అట్టి వివాహం ఒకటి చెల్లదని తీర్పు చెప్పేసరికి, ఏండ్ల తరబడి కాపురం చేసి పిల్లలను కన్న ఇల్లాండ్రు ఒక్కసారిగా సంశయంలో పడ్డారు. అన్నాదురై ప్రభుత్వం 1967లో హిందూ వివాహ చట్టానికి సవరణ తెచ్చి, జరిగినవాటినీ జరుగబోయేవాటినీ కూడా చెల్లుబాటు చేసినది. బంధుమిత్రుల ఎదుట దండలు మార్చుకున్నా, ఉంగరం తొడిగినా, తాళి కట్టినా చాలును. ఇది తమిళనాటి సవరణ. కుప్పం వైపు సరిహద్దు దాటితే ఆంధ్రలో ఇట్టి నిబంధన లేదు. కనుక సగంమంది చుట్టాలు చిత్తూరు జిల్లాలో ఉన్న మనవారు పెండ్లి ఏ గడ్డపై చేస్తున్నదీ ముందే ఆలోచించుకోవలె.

చట్టాలు ఇన్ని ఉండగా 2012 నవంబరు 7న మన ధర్మపురి దగ్గరనే నత్తం, అణ్ణానగర్, కొండంపట్టి దళితవాడలలో ఒక కులాంతర వివాహం నెపంగా రెండువందలకు పైగా ఇండ్లు తగులబడినవి. ఇష్టపడి పెండ్లాడిన మేజర్ల జోలికి ఏ కులపంచాయతీ పోరాదని, అట్టివారికి రక్షణ ఇవ్వవలెనని సుప్రీంకోర్టు 2018 మార్చిలో ఆదేశించినది. ఆ మంటలు చూసిన ఊరిలో ఉంటూ మనం ఈ విషయం మాట్లాడుతున్నామన్నది మరువరాదు.

ఇక ఏర్పాట్ల సంగతి. స్పెషల్ మారేజి ఆక్టు క్రింద చేయదలచినవారు తమలో ఒకరైనా ముప్పై రోజులుగా నివసిస్తున్న జిల్లాలో నోటీసు ఇవ్వవలె. దానిని కచేరి గోడకు అంటిస్తారు. రెండవవారి శాశ్వత నివాసం వేరొక జిల్లాయైతే నకలు అక్కడికీ పోయి, అక్కడి గోడా ఎక్కుతుంది. దొంగపెండ్లి అనేవారు ఈ గోడను చూడవలె! శుభలేఖకైనా ఇంత ప్రచారం ఉండదు. ఇంటివారి బెదిరింపులున్న జంటకు ఈ ముప్పై రోజులే గండం. జంట కోరనిదే నోటీసు ప్రకటించనక్కరలేదని 2021లో అలహాబాదు హైకోర్టు అన్నది గాని, చట్టంలోని మాట అట్లే ఉన్నది.

నోటీసు ఇచ్చిన మూడు నెలలలోగా పెండ్లి కాకపోతే అది మురిగిపోతుంది. ఇక్కడ మన పంచాంగం అడ్డు తగులుతుంది. మే పదో తేదీన నోటీసు ఇచ్చినారనుకుందాం. జూన్ పదికి గడువు తీరుతుంది. ఆ నెలలో కుదరక ఆగినారా, మనకు ఆషాఢం వస్తుంది. అది వెళ్లకముందే వియ్యాలవారికి ఆడి వస్తుంది. అది ఆగస్టు నడుమదాకా పోదు. ఈలోగా నోటీసు చచ్చి ఊరుకుంటుంది, మళ్లీ మొదటినుండి. తెలుగు తమిళ సంబంధాలవారు ఈ లెక్క ముందే వేసుకొనుట మేలు.

మేనరికం చేసేవారు మరీ జాగ్రత్త పడవలె. మేనమామ కూతురు, మేనత్త కూతురు ఈ చట్టపు నిషిద్ధ బంధుత్వాల పట్టికలో ఉన్నారు. ఆచారముంటే మినహాయింపు కలదు గాని, 1963 సవరణ ప్రకారం ఆ ఆచారాన్ని రాష్ట్రప్రభుత్వం గెజెట్టులో ప్రకటించి ఉండవలె. మేనరికానికి హిందూ వివాహ చట్టమే సులువు. ఏ పద్ధతిని చేసినా, 2009 నాటి తమిళనాడు చట్టం ప్రకారం తొంబై రోజులలోగా రిజిస్టరు చేయించవలె. స్పెషల్ మారేజి ఆక్టు పెండ్లికి ఆ అధికారి పుస్తకమే రిజిస్టరు.

పెండ్లినాడు ముగ్గురు సాక్షులు కావలె. స్నేహితులు ఎప్పుడూ దొరుకుతారు. ఆ ముగ్గురిలో ఒక మేనమామో, ఒక పెదనాన్నో ఉంటే ఆ పిల్లలకు ఎంత ధైర్యమో చెప్పనలవి కాదు. మన సంఘంలోని పెద్దలకు ఈ మాట ప్రత్యేకించి మనవి చేస్తున్నాము. తాళి కట్టినా, తలంబ్రాలు పోసినా చట్టానికి అభ్యంతరం లేదు. ఏ రీతినైనా చేసుకోవచ్చును. వదలరానిది ఒక్క వాక్యమే. అధికారి, సాక్షులు వింటుండగా ఒకరితో ఒకరు, నిన్ను నా ధర్మబద్ధమైన భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నానని చెప్పుకోవలె. ఆ వాక్యం ఏ భాషలోనైనా ఉండవచ్చును, ఇద్దరికీ అర్థమైతే చాలును. కనుక మన అబ్బాయి తెలుగులో చెప్పదలిస్తే, ఆ ముప్పై రోజులలో తమిళపు పిల్లకు కొంత తెలుగు నేర్పుకోవలసి ఉంటుంది.