రాజధాని, రైతు, ఖాజీ

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని కర్నూలుకు, మరుసటి ఏడు హైకోర్టు గుంటూరుకు దక్కాయి. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక ఈ పంపకానికి మూలం. 1956లో రాజధాని హైదరాబాదుకు మారింది. ఇవన్నీ రాజకీయ నాయకులు, చట్టసభలు తేల్చుకొన్న సంగతులే. న్యాయస్థానం తీర్పుతో జరిగినవి కావు. విశాఖపట్నం వంతు వచ్చేసరికి అలా జరగలేదు.

2020లో చేసిన చట్టం ప్రకారం సచివాలయం విశాఖకు, హైకోర్టు కర్నూలుకు పోవాలి. శాసనసభ మాత్రం అమరావతిలోనే ఉండాలి. ఓడరేవు, ఉక్కు కర్మాగారం గల నగరానికి పరిపాలనా గౌరవం కూడా దక్కుతుందని ఉత్తరాంధ్రలో ఎందరో ఆశించారు. అయితే అమరావతి ప్రాంత రైతులు అప్పటికే సుమారు 33 వేల ఎకరాలు ప్రభుత్వానికి అప్పగించి ఉన్నారు. ప్రతిఫలంగా అభివృద్ధి చేసిన స్థలాలు ఇస్తామన్న వ్రాతపూర్వక ఒప్పందాలు వారి చేతిలో ఉన్నాయి. వారు హైకోర్టుకు వెళ్ళారు. 2021 నవంబరులో ప్రభుత్వమే ఆ చట్టాన్ని రద్దు చేసుకొంది. అయినా వ్యాజ్యం ముగియలేదు. 2022 మార్చి 3న త్రిసభ్య ధర్మాసనం స్థలాలను మూడు నెలల్లో రైతులకు అప్పగించమంది, నగర నిర్మాణానికి ఆరు నెలల గడువు పెట్టింది. అంతటితో ఆగక, రాజధానిని మార్చే అధికారం రాష్ట్ర శాసనసభకు లేదని కూడా తీర్పు చెప్పింది.

ఇస్లామీ చరిత్రలో రాజధానులు మారడం వింత కాదు. హజ్రత్ అలీ (రజి) కాలంలో ఖిలాఫత్ కేంద్రం మదీనా నుండి కూఫాకు వెళ్ళింది. 762లో మన్సూర్ బాగ్దాదుకు పునాది వేశాడు. 836లో ముఅతసిమ్ సామర్రాకు తరలిపోయాడు. ఇందుకు ఖాజీ అనుమతి అవసరమని ఎవరూ అనుకోలేదు. అయితే సొంతదారుని హక్కు సంగతి వేరు. మస్జిదె నబవీ విస్తరణ కోసం హజ్రత్ ఉమర్ (రజి) హజ్రత్ అబ్బాస్ (రజి) గారి ఇల్లు కోరగా ఆయన ఒప్పుకోలేదనీ, మధ్యవర్తిగా నిలిచిన ఉబై ఇబ్నె కఅబ్ (రజి) ఖలీఫాకు వ్యతిరేకంగానే తీర్పు చెప్పారనీ ఒక రివాయత్ ప్రసిద్ధం. గెలిచిన తర్వాత అబ్బాస్ (రజి) ఆ ఇంటిని ఉచితంగా ఇచ్చివేశారు.

రైతుకిచ్చిన మాట నిలబెట్టుమనడం ఆ ఖాజీ పనే. శాసనసభ చేతులు కట్టివేయడం, నగరం కట్టడానికి నెలలు లెక్కపెట్టడం మాత్రం ఆ హద్దు దాటినవే. 2022 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆ గడువులపై స్టే ఇస్తూ, కోర్టులు నగర రూపశిల్పులూ ఇంజనీర్లూ కాగలవా అని అడిగింది.

2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. అమరావతే రాజధాని అని కొత్త ప్రభుత్వం ప్రకటించింది. విశాఖకు సచివాలయం రాలేదు. రైతుల స్థలాల అభివృద్ధి అప్పటికీ పూర్తి కాలేదు.