షిఫ్టు సైకిళ్ల నుంచి క్లబ్బు సైకిళ్ల దాకా

గోదావరిఖని: తెల్లవారకముందే కార్మిక వాడల్లోంచి బారులు తీరే సైకిళ్లు... హ్యాండిల్‌కు వేలాడే టిఫిన్ డబ్బాలు... చీకట్లో మిణుకుమనే డైనమో దీపాలు. కొన్ని దశాబ్దాల పాటు బొగ్గుగని ప్రాంతంలో నిత్యం కనిపించిన దృశ్యమిది. ఒకే వేళకు బయలుదేరడం, ఒకే దారిలో సాగడం, తోటివారి చక్రం పంక్చరైతే ఆగి చేయూతనివ్వడం నాటి కార్మికులకు అలవాటు. ఔత్సాహిక సైక్లింగ్ క్లబ్బుల్లోనూ ఇలాంటి అలవాట్లే కనిపిస్తాయి. క్లబ్బు అన్న పేరు లేదన్న మాటే గానీ, ఆ క్రమశిక్షణ ఇక్కడివారికి కొత్త కాదు.

బాయి బాటలో...

సింగరేణి బొగ్గు చరిత్ర 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించడంతో మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఇల్లెందు, బెల్లంపల్లి, కొత్తగూడెం తరువాత 1960వ దశకం తొలినాళ్లలో రామగుండం ప్రాంతంలో గనులు వెలిశాయి. పనుల కోసం పల్లెల నుంచి తరలివచ్చిన వేలాది మందికి గనికీ ఇంటికీ మధ్య సైకిలే ఆధారమైంది. మూడు షిఫ్టుల పనివేళలు తప్పకూడదు. ఆలస్యమైతే మస్టర్ పడదు. అందుకే ఇక్కడ సైకిల్ కాలక్షేపపు వస్తువు కాలేదు, బతుకుతెరువులో భాగమైంది.

1990వ దశకం ఆరంభంలో సంస్థలో లక్షకు పైగా కార్మికులు ఉండగా, నేడు ఆ సంఖ్య సుమారు 40 వేలకు చేరింది. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు పెరిగాయి. మోటారు సైకిళ్లు ఇంటింటికీ వచ్చాయి. షిఫ్టు సైకిళ్ల వరుస క్రమంగా కనుమరుగైంది.

కార్మికులే పునాది

సైకిల్ క్లబ్బు సంపన్నుల సరదా అన్న అభిప్రాయం మనవద్ద బలంగా ఉంది. చరిత్ర మాత్రం వేరే సంగతి చెబుతోంది. ఇంగ్లండులో రాబర్ట్ బ్లాచ్‌ఫోర్డ్ 1891లో స్థాపించిన ‘క్లారియన్’ పత్రిక పాఠకులు కొందరు 1894లో బర్మింగ్‌హామ్‌లో ఒక సైక్లింగ్ క్లబ్బును ప్రారంభించారు. సెలవు దినాల్లో కలిసి సైకిళ్లపై ఊళ్లు తిరగడం, పత్రికను పంచడం, కార్మికుల కష్టసుఖాలను చర్చించుకోవడం వారి కార్యక్రమాలు. ఇతర పట్టణాల్లోనూ శాఖలు ఏర్పడ్డాయి. జర్మనీలో 1896లో ‘సాలిడారిటాట్’ పేరిట కార్మిక సైక్లిస్టుల సమాఖ్య వెలసింది. 1933లో నాజీ ప్రభుత్వం దానిని నిషేధించడాన్ని బట్టి ఆ సంఘానికి గల బలాన్ని ఊహించవచ్చు.

రాజధానిలో...

మన రాష్ట్రంలో ఔత్సాహిక సైక్లింగ్‌కు సంబంధించి ప్రధానంగా చెప్పుకోదగినది హైదరాబాద్ బైసైక్లింగ్ క్లబ్. ఇది 2007లో ఏర్పడింది. డి.వి. మనోహర్ ఛైర్మన్‌గా దీనికి నాయకత్వం వహించారు. పందేల్లో పాల్గొనే క్రీడాకారుల కోసం 2002 జాతీయ క్రీడల సందర్భంగా హైదరాబాద్‌లో వెలోడ్రోమ్ నిర్మించారు. క్లబ్బు ఉద్దేశం మాత్రం వేరు. ఉద్యోగులు, విద్యార్థులు, వృద్ధులు... ఎవరైనా వారాంతాల్లో కలిసి తొక్కేలా చేయడం, నగర రహదారులపై సైకిల్‌కు చోటు కావాలని కోరడం దాని బాట. నగర శివారులోని ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల పొడవున సౌర ఫలకాల పైకప్పుతో నిర్మించిన సైకిల్ మార్గం 2023లో ప్రారంభమైంది. సైకిల్‌కు ప్రత్యేక దారి అవసరమన్న ఆలోచన కార్యరూపం దాల్చడానికి ఇది నిదర్శనం.

పందెం కాదు, పట్టుదల

నగరంలోని సైక్లిస్టులను బాగా ఆకర్షించిన మరో పద్ధతి ‘బ్రెవె’ యాత్రలు. 1904లో ఏర్పడిన ఫ్రాన్స్ క్లబ్బు ఆడాక్స్ క్లబ్ పారిసియన్ నియమాల ప్రకారం ఇవి జరుగుతాయి. ఇందులో మొదటి, రెండో స్థానాలు ఉండవు. నిర్ణీత గడువులోగా దూరం పూర్తి చేసినవారంతా విజేతలే. 200 కిలోమీటర్లకు 13.30 గంటలు, 300కు 20 గంటలు, 400కు 27 గంటలు, 600కు 40 గంటలు గడువు. ఒకే ఏడాదిలో ఈ నాలుగూ పూర్తి చేసినవారిని సూపర్ రాండనీర్ అంటారు. నాలుగేళ్లకోసారి జరిగే ప్యారిస్-బ్రెస్ట్-ప్యారిస్ యాత్రలో 1,200 కిలోమీటర్లను గరిష్ఠంగా 90 గంటల్లో తొక్కాలి. 1891లో ఆరంభమైన ఈ యాత్ర చివరిసారి 2023లో జరిగింది.

లెక్క చూస్తే 200 కిలోమీటర్ల బ్రెవెకు సగటున గంటకు 15 కిలోమీటర్లు తొక్కితే చాలు. తిండి, విశ్రాంతి, పంక్చర్లకు పట్టే సమయం కూడా ఇందులోనే కలిసి ఉంటుంది. గోదావరిఖని నుంచి రాజీవ్ రహదారి మీదుగా హైదరాబాద్ దూరం దాదాపు ఇంతకు కాస్త ఎక్కువ. డబ్బా కట్టుకుని ఏళ్ల తరబడి షిఫ్టుకు వెళ్లిన కాళ్లకు ఈ వేగం అసాధ్యమేమీ కాదు.

ఇక్కడ ఏం కావాలి?

సంఘాన్ని రిజిస్టరు చేయడానికి 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు ఉంటే సరిపోతుంది. ఖరీదైన సైకిల్ తప్పనిసరి కాదు. గాలి పంపు, పంక్చరు సామగ్రి, శిరస్త్రాణం, ముందువెనుక దీపాలు ముఖ్యం. అందరికంటే నెమ్మదిగా వచ్చే సభ్యుని వేగాన్నే బృందం వేగంగా తీసుకోవాలన్నది పాటించదగిన మొదటి నియమం.

అసలు చిక్కు రహదారులతోనే. బొగ్గు టిప్పర్లు, బూడిద లారీలు తిరిగే దారుల్లో సైకిల్‌పై వెళ్లడం సాహసమే. దుమ్ము రేగే రోడ్డులో వెనుక నుంచి వచ్చే డ్రైవరుకు సైకిల్ కనిపించదు. కొత్తగా రోడ్లు వేసేటప్పుడు అంచున సైకిల్‌కు వేరుగా చోటు వదిలితే పాఠశాలకు వెళ్లే పిల్లలకు, కాంట్రాక్టు కార్మికులకు కూడా రక్షణ కలుగుతుంది. ఒక్కొక్కరుగా అడిగితే వినిపించని ఈ కోరికకు సంఘంగా అడిగితే బరువుంటుంది.

2018లో ఐక్యరాజ్యసమితి జూన్ 3ను ప్రపంచ సైకిల్ దినోత్సవంగా ప్రకటించింది. కాలనీల్లో అటకలెక్కిన పాత సైకిళ్లను దించి, గొలుసుకు నూనె వేసి, లారీల రద్దీ లేని ఆదివారం వేకువన గోదావరి వంతెన దాకా వెళ్లిరావడంతో ఇక్కడా ఒక ఆరంభం చేయవచ్చు. దారి చూపేందుకు షిఫ్టు సైకిల్ తొక్కిన విశ్రాంత కార్మికులు ప్రతి వాడలోనూ ఉన్నారు.