బొమ్మకు చోటు

జ్యామితి గ్రంథమును చదువువానికి ఉపపత్తి ఒక పుటలోను, దానికి ఆధారమైన పటము వేరొక పుటలోను ఉన్నచో, ‘క’ బిందువు నుండి ‘చ’ బిందువునకు గీచిన రేఖ యేదో తెలియుటకై పంక్తి పంక్తికిని పుట త్రిప్పవలసి వచ్చును. అట్లు త్రిప్పుటలో యుక్తిసూత్రము తెగిపోవును. కావున గ్రంథమున బొమ్మకు చోటు చూపుట అలంకారవిషయము గాక అర్థవిషయమే యగుచున్నది. ఐదు శతాబ్దులకు మించిన ముద్రణచరిత్రలో ఆ చోటును నిర్ణయించినవి కొంత కొయ్యయు రాగియు, కొంత ధనము. అయినను చదువరి యెడ శ్రద్ధగలవారు పూనుకొన్న చోట్ల మాత్రము బొమ్మ తన మాటను వీడక నిలిచినది.

కొయ్యబొమ్మల కాలమున ఈ సామీప్యము సులభసాధ్యము. 1461లో బాంబర్గు నగరమున ఆల్బ్రెక్టు ఫిస్టరు వెలువరించిన నీతికథల సంపుటము, అచ్చక్షరములును కొయ్యబొమ్మలును కలిసి కనబడిన తొలి గ్రంథములలో నొకటి. ఉబ్బెత్తుగా చెక్కిన దిమ్మను టైపుతో సమానమైన యెత్తునకు కోసినచో, దానిని అక్షరముల నడుమనే చట్రములో బిగించి, ఒకే సిరాతో, ఒకే ఒత్తిడితో అచ్చువేయ వీలగును. వెనిసులో ఎర్హార్టు రాట్‌డోల్టు 1482లో యూక్లిడు గ్రంథమును మొట్టమొదట ముద్రించినపుడు, పటములను విశాలమైన పుటల అంచులలో ఆయా ఉపపత్తుల ప్రక్కనే నిలిపెను. 1493లో నూరెంబర్గున ఆంటోన్ కోబెర్గరు ముద్రించిన లోకచరిత్రకు ఇంకను గొప్ప పూర్వయత్నము జరిగినది. 645 దిమ్మలను మరల మరల వాడి 1,809 బొమ్మలను పొందుపరచిన ఆ మహాగ్రంథమునకు, ఏ పుటలో బొమ్మ యెంత మేర ఆక్రమించునో, వాక్యము లెచ్చట నిలుచునో ముందుగానే చేతితో గీచి వ్రాసికొన్న నమూనా ప్రతులు నేటికిని నిలిచియున్నవి.

రాగిరేకు వచ్చి ఈ పొత్తును చెరచినది. రేకుపై గీతలు లోతుగా చెక్కబడును. సిరా ఆ చాళ్లలో నిలుచును. దానిని కాగితము పీల్చుకొనుటకు తడిపిన కాగితమును రేకుతోపాటు రెండు రోలర్ల నడుమ గట్టిగా నొక్కి లాగవలెను. టైపు ఉబ్బెత్తు, రేకు పల్లము. రెండును ఒక యంత్రమునకు లొంగవు. పుటలోనే రాగిబొమ్మ కావలెనన్నచో అదే కాగితమును రెండుమారులు, రెండు యంత్రములలో, గీటు తప్పకుండ ముద్రింపవలెను. రేఖల సూక్ష్మతలో రాగి కొయ్యను మించినది. కాని వ్యయమునకు వెరచిన ముద్రాపకులు రేకులను విడికాగితములపై తీసి గ్రంథాంతమున కుట్టించుట వాడుక యయ్యెను. దిదెరో సంపాదకత్వమున వెలువడిన ఫ్రెంచి విజ్ఞానసర్వస్వములో 17 సంపుటములు మాటలకును 11 సంపుటములు బొమ్మలకును వేరుపడుట ఈ వాడుకకు పరాకాష్ఠ.

ఇట్టి కాలముననే ఖగోళశాస్త్రజ్ఞుడు ఎడ్మండు హేలీ చూపిన శ్రద్ధ స్మరణీయము. న్యూటను ‘ప్రిన్సిపియా’ను ముద్రింప నిశ్చయించిన నాటికి లండను రాయల్ సొసైటీ ధనము చేపల చరిత్రను గూర్చిన యొక గ్రంథముపై వ్యయమైపోయినందున, ముద్రణభారము హేలీ పైననే పడెను. తన సొంత ధనము వెచ్చింపవలసినవాడయ్యును, పటములను కొయ్యపై చెక్కించి ఉపపత్తులతోపాటు పుటలోనే నిలిపినచో చదువరికి మిక్కిలి సౌకర్యముగా నుండుననియు, ఖర్చు మరీ యెక్కువ కాదనియు 1686లో ఆయన న్యూటనుకు లేఖ వ్రాసెను. 1687లో గ్రంథ మట్లే వెలువడెను. అదే న్యూటను 1704లో ప్రకటించిన ‘ఆప్టిక్స్’లో పటములు మడత రేకులుగా వెనుకకు చేరినవి. రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన నుంచి చూచువారికి హేలీ చేసిన యుపకార మెంతటిదో వేరుగ చెప్పనక్కరలేదు.

తరువాత ఇంగ్లండున కొయ్యచెక్కడపు శిల్పి థామసు బ్యూయిక్, గట్టి బాక్సుచెట్టు కొయ్యను నారవెంట గాక అడ్డముగా కోసి, ఆ నునుపుమొగముపై సన్నని గీతలు చెక్కి, 1790లో చతుష్పాజ్జంతువుల గ్రంథమును, 1797 మొదలుగా పక్షుల గ్రంథమును వెలువరించి, రాగి సూక్ష్మతను కొయ్య సామీప్యముతో కలిపెను.

పుటల కూర్పు కంప్యూటరు చేతికి వచ్చినపుడు ఈ చోటు ప్రశ్న మరల తలయెత్తెను. 1977లో గణకశాస్త్రజ్ఞుడు డొనాల్డు నూత్, తన గ్రంథపు గ్యాలీ ప్రూఫులలో (పుటలుగా విభజింపక ముందు తీసిన నమూనా అచ్చులలో) అక్షరముల వికారమునకు ఖేదపడి, ‘టెక్’ అను కంప్యూటరు కూర్పు విధానమును నిర్మింప పూనుకొనెను. ఆయన శిష్యుడు మైకేల్ ప్లాస్ 1981లో తన స్టాన్‌ఫర్డు సిద్ధాంతవ్యాసమున, బొమ్మలను వాటి ప్రస్తావనలకు వీలైనంత చేరువగా నుంచుచు పుటలను విభజించుట, ఆ దూరమును కొలుచు పద్ధతిని బట్టి, గణనకు అత్యంత దుస్సాధ్యమైన సమస్యల కోవలో చేరవచ్చునని నిరూపించెను. అక్షరములు పేర్చు కంపోజిటరు కంటిచూపుతో తీర్చిన పని యంత్రమున కింత కఠినమైనది.

టెక్ పై లెస్లీ లాంపోర్టు నిర్మించిన ‘లాటెక్’లో గ్రంథకర్త ప్రతి బొమ్మకును నాలుగు చోట్లలో వేనినైనను అనుమతింపవచ్చును: ఇచ్చటనే, పుట శిరమున, పుట యడుగున, లేదా బొమ్మలకే విడిచిన పుటలో. సామాన్యముగా పుట శిరమున రెండు, అడుగున ఒకటి, మొత్తము మూడింటికి మించి బొమ్మలు నిలువరాదు. పుటలో ఐదవవంతైనను వాక్యములకు మిగులవలెను. పట్టని బొమ్మ తరువాతి పుటకు వాయిదాపడును. సంఖ్యాక్రమము తప్పరాదు గనుక, ఇరుకుబాటలో ముందుబండి నిలిచినచో వెనుకబండ్లన్నియు నిలుచునట్లు, ఒక్క పెద్ద బొమ్మకు చోటు దొరకనిచో దాని వెనుకటివన్నియు అధ్యాయాంతము వరకు జరిగిపోవును. దీనికి ప్రతీకారముగ, బొమ్మలు ప్రకరణపు హద్దు దాటకుండ ఆపెడు ఆజ్ఞయు, చెప్పినచోటనే కదలక నిలుపు ఆజ్ఞయు తరువాతివారు కల్పించిరి.

అయినను యంత్రము జాగాను కొలుచును గాని అవసరమును కొలువజాలదు. ఏ బొమ్మ లేనిదే వాక్య మర్థము కాదో, ఏది రెండు పుటల తరువాత వచ్చినను హాని లేదో గ్రంథకర్త యొక్కడే యెరుగును. కావున రచన ముగిసి పుటలు కుదిరిన పిమ్మట, తుది ప్రూఫును ముందిడుకొని, ప్రతి బొమ్మయు దాని ప్రస్తావనయు ఒకే చూపునకు అందుచున్నవో లేవో పరీక్షించి, అందనిచో బొమ్మను కుదించియో, విడదీసియో, వాక్యమును సవరించియో వాటిని దరిచేర్చుట గ్రంథకర్త విధి. ఆ శ్రమను తాను వహింపనిచో, గ్రంథము నిలిచినన్నాళ్లు ప్రతి చదువరియు దానిని వహింపవలసియుండును.